ఎయిలరాన్లు లేకుండానే ఒరిగే విమానాలు

విమానం మలుపు తిరగాలంటే ముందు ఒక పక్కకు ఒరగాలి. మామూలుగా ఆ పని రెక్కల వెనక అంచున ఉండే ఎయిలరాన్లది. రెక్క పైన ఒక పలకను లేపి, ఆ వైపు లిఫ్ట్ (పైకెత్తే బలం) తగ్గించినా విమానం ఒరుగుతుంది. ఆ పలకే స్పాయిలర్. అది లేచిన వైపే గాలి నిరోధం కూడా పెరుగుతుంది కనుక ముక్కు మలుపు దిశకే తిరుగుతుంది. ఎయిలరాన్లు వాడితే ముక్కు మొదట ఎదురుదిక్కుకు లాగుతుంది.

చీకట్లో వేటగాడు: అమెరికా రాత్రి యుద్ధవిమానం పి-61 బ్లాక్ విడో 1942 మే 26న తొలిసారి ఎగిరింది. దాని రెక్క వెనక అంచును దాదాపు మొత్తం, దిగేటప్పుడు లిఫ్ట్ పెంచే ఫ్లాప్‌లే ఆక్రమించాయి. చివర్లలో చిన్న ఎయిలరాన్లకే చోటు మిగలడంతో ఒరిగించే భారం ఎక్కువగా స్పాయిలర్ల మీద పడింది.

ఎనిమిది ఇంజిన్ల మహాకాయం: అమెరికా బాంబర్ బి-52 రెక్కల నిడివి 56 మీటర్లు. పొడవైన, పల్చటి రెక్క మీద అధిక వేగంలో ఎయిలరాన్ కదిలిస్తే రెక్కే మెలితిరిగి, ఫలితం తగ్గిపోతుంది. 1958లో ఎగిరిన జి రకం నుంచి ఎయిలరాన్లను పూర్తిగా తీసేశారు. ఇప్పటికీ సేవలో ఉన్న హెచ్ రకం కూడా స్పాయిలర్లతోనే ఒరుగుతుంది.

చిన్న రెక్క, పెద్ద ఫ్లాప్: 1963లో ఎగిరిన జపాన్ విమానం మిత్సుబిషి ఎమ్‌యూ-2లో ఫ్లాప్‌లు రెక్క పొడవునా ఉంటాయి. అందుకే చిన్న రెక్కతోనూ పొట్టి రన్‌వేల మీద దిగగలదు. అయితే ఒక ఇంజిన్ ఆగినప్పుడు విమానాన్ని సరిచేయడానికి స్పాయిలర్ లేపితే, పైకెక్కడానికి కావలసిన లిఫ్టే పోతుంది. దీన్ని నడిపే పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఉండాలని 2008లో అమెరికా నియమం పెట్టింది.

మన జాగ్వార్: 1979 నుంచి భారత వాయుసేనలో ఉన్న జాగ్వార్ యుద్ధవిమానానికీ ఎయిలరాన్లు లేవు. స్పాయిలర్లకు తోడు తోక రెక్కలు రెండూ వేర్వేరు కోణాల్లో కదిలి విమానాన్ని ఒరిగిస్తాయి. నేడు ప్రపంచంలో జాగ్వార్లను నడుపుతున్నది మన వాయుసేన ఒక్కటే.

మోడల్ కట్టేవారికి: రేడియోతో నడిపే మోడల్‌కు స్పాయిలర్లు పెడితే రెండు రెక్కలకూ విడివిడిగా సర్వో (పలకను కదిలించే చిన్న మోటారు) ఇవ్వడం సులువు. స్టిక్ ఎటు జరిపితే అటు పలక మాత్రమే లేవాలి, రెండోది రెక్కకు అంటుకునే ఉండాలి. పలకను రెక్క ముందు అంచుకు దగ్గరగా పెడితే స్పందన ఆలస్యమవుతుంది. వెనక్కి జరిపేకొద్దీ ఆ ఆలస్యం తగ్గుతుంది.

కిటికీ సీటు నుంచి: శంషాబాద్‌కు వచ్చే ఎయిర్‌బస్ ఎ320లో ఒక్కో రెక్కకు ఐదు స్పాయిలర్లు. మలుపులో బయటి నాలుగు ఎయిలరాన్‌కు సాయపడతాయి. చక్రాలు నేలను తాకగానే ఐదూ పైకి లేచి, లిఫ్ట్‌ను తుంచి, విమానం బరువును చక్రాల మీదికి దించుతాయి. బ్రేకులకు అప్పుడే అసలైన పట్టు దొరుకుతుంది.