పత్తి కట్టెకు నిప్పు పెట్టే ముందు ఒక్క మాట

సంక్రాంతి దాటింది. తుంగభద్ర ఎడమ కాలువ చివరన, నీళ్లు సరిగా అందని నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు అయిపోవచ్చాయి. ఇక కట్టె పీకి, కుప్ప వేసి, నిప్పు పెట్టడం మన క్యాంపుల్లో ఏటా జరిగేదే. గులాబీ రంగు పురుగు మళ్లీ తగలకుండా కట్టెను చేలో ఉంచకూడదన్నది నిజమే. కానీ తీసెయ్యడం వేరు, తగలబెట్టడం వేరు. ఆ కట్టెను బొగ్గు చేసి మట్టిలో కలిపే పద్ధతి ఉంది. దాన్నే బయోచార్ అంటున్నారు. సంఘానికి వచ్చి దీని గురించి అడిగేవారు ఎక్కువయ్యారు గనుక మాకు తెలిసినది రాస్తున్నాం.

బొగ్గు చేస్తే లాభమేమిటి?

మొక్క పెరిగేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని కర్బనంగా దాచుకుంటుంది. కట్టెను తగలబెడితే అది గంటలో తిరిగి గాలిలో కలుస్తుంది. పొగ మన ఇళ్లలోని పసిపిల్లల, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి అందకుండా కాలిస్తే మాత్రం దాదాపు సగం కర్బనం బొగ్గులో నిలుస్తుంది. అది తొందరగా కుళ్లదు, చాలావరకు వందల ఏళ్లు మట్టిలోనే ఉంటుంది. 100 కిలోల ఎండు కట్టెకు సుమారు 20 నుంచి 25 కిలోల బొగ్గు వస్తుంది. ఒక్క కిలో బొగ్గులో నిలిచిన కర్బనం 2 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడుకు సమానం.

చేసే విధానం

హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా వారు 200 లీటర్ల డ్రమ్ముతో చేసుకునే చిన్న బట్టీని రూపొందించారు. డ్రమ్ము లేకపోతే గుంత చాలు. పైన వెడల్పుగా, అడుగున సన్నగా, మూడడుగులలోపు లోతున గరాటులా తవ్వాలి. అడుగున చిన్న మంట వేసి, కట్టెను పలుచగా పొరలు పొరలుగా వెయ్యాలి. పై పొర మీద తెల్ల బూడిద కనబడగానే తర్వాతి పొర వెయ్యాలి. పైన మండే మంటే గాలిని వాడేసుకుంటుంది కాబట్టి కింద ఉన్నది బూడిద కాదు. గుంత నిండాక నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. మేము మొదటిసారి పచ్చి కట్టె వేసి కళ్లు మండించుకున్నాం. కట్టె విరిస్తే ఫటుక్కుమనేంత ఎండాలి. నీళ్ల డ్రములు సిద్ధంగా పెట్టుకోండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. లోపల నిప్పు మిగిలితే మళ్లీ రాజుకుంటుంది. వరిగడ్డిని మాత్రం బొగ్గు చెయ్యకండి, అది పశువులకే మేలు.

చేలో వేసే ముందు

బొగ్గు ఎరువు కాదు. నీటిని, పోషకాలను పట్టి ఉంచే గుణం దానిది. ఊరికే వేస్తే మట్టిలోని నత్రజనిని తానే పట్టేసుకుంటుంది. అందుకే పొడి చేసి, పేడనీళ్లలోనో పశువుల మూత్రంలోనో రెండు మూడు వారాలు నానబెట్టి, పెంటతో కలిపి వెయ్యాలి. ఇంకొక సంగతి. బొగ్గుకు క్షారగుణం ఉంది. మన నల్లరేగడిలో ఇప్పటికే క్షారం ఎక్కువ. పుల్లటి ఎర్రనేలలకు వచ్చినంత ఫలితం ఇక్కడ రాకపోవచ్చు. మట్టి పరీక్ష చేయించి, ముందు రెండు గుంటల్లో వేసి చూడండి. పంట రెట్టింపవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

సంతకం పెట్టేటప్పుడు

బొగ్గులో నిలిచిన కర్బనానికి కార్బన్ క్రెడిట్ల కింద డబ్బిచ్చే కంపెనీలు ఉన్నాయి. అందులో మోసమేమీ లేదు. అయితే కాగితాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. 1950లలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఈ నేలను సాగులోకి తెచ్చిన మన పెద్దల్లో తెలుగు తప్ప మరొకటి చదవలేనివారు ఇప్పటికీ ఉన్నారు. క్రెడిట్ ఎవరి పేరున ఉంటుంది, ఎన్నేళ్లకు ఒప్పందం, తూకం ఎవరు వేస్తారు, డబ్బు ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ తెలియకుండా వేలిముద్ర వెయ్యకండి. కాగితం పట్టుకుని సంఘానికి రండి. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఫైళ్లు చదివినవాళ్లమే, అక్షరం అక్షరం తెలుగులో చదివి వినిపిస్తాం.