శిశువు తొలి భోజనం: నాలుగు వస్తువులు చాలు

‘ఉగ్గుపాలతో అబ్బిన విద్య’ అని మన పెద్దలు అంటూ వుంటారు. ఆ ఉగ్గు పట్టిన గిన్నె ఎటువంటిదో మాత్రం మనం అంతగా ఆలోచించం. శిశువుకు ఆరు నెలలు నిండి, తల్లిపాలతోబాటు మెత్తని ఆహారం పెట్టవలసిన వేళ రాగానే బజారు వైపు చూడడం నేడు పరిపాటి అయినది. రంగురంగుల పళ్ళేలు, ఎత్తయిన కుర్చీ, రుబ్బే యంత్రం, రకరకాల సీసాలు – ఇవి లేనిదే బిడ్డ తినడేమో అనే భయం సామాన్య కుటుంబాలను సైతం పీడిస్తున్నది. నిజానికి కావలసినవి నాలుగే అని మా అభిప్రాయం: ఒక గిన్నె, ఒక చెంచా, ఒక చిన్న గ్లాసు, ఒక శుభ్రమైన గుడ్డ.

మొదటిది గిన్నె. ఉర్దూలో కటోరీ అన్నా, తెలుగులో గిన్నె అన్నా అది బిడ్డకు ప్రత్యేకంగా వుండాలి. అందరితో కలిపి పెడితే బిడ్డ ఎంత తిన్నదీ తల్లికి తెలియదు. 250 మిల్లీలీటర్లు పట్టే గిన్నె కొలతకు అనుకూలం. ఆరవ నెల నిండగానే పూటకు రెండు మూడు చెంచాలతో ఆరంభించి, క్రమంగా సగం గిన్నెకు పెంచవలెను. ఏడాది నిండిన తరువాత ముప్పాతిక నుండి నిండు గిన్నె వరకు పెట్టవచ్చును.

గిన్నె ఏ లోహానిదన్న ప్రశ్న చిన్నది కాదు. ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లల కాలేయాన్ని గట్టిపరచి ప్రాణం తీసే వ్యాధి ఒకటి వుండేది. ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువ వుంచిన పాలలోనికి చేరే రాగి దానికి కారణం కావచ్చునని 1983లో లాన్సెట్ వైద్య పత్రికలో పరిశోధకులు సూచించారు. ఆ పాత్రల వాడుక తగ్గిన పిమ్మట వ్యాధి కూడా అరుదైనది. కనుక కళాయి లేని ఇత్తడి గిన్నె ఎంత ముచ్చటైనదైనా బిడ్డ ఆహారానికి తగదు. మన వంటింట్లోని స్టీలు గిన్నె చాలును.

చెంచా చిన్నదిగా, లోతు తక్కువగా, అంచులు నునుపుగా వుండవలెను. ఆహారాన్ని మెదిపే సాధనం కూడా అదే. పప్పు, అన్నం, ఉడికిన కూర, కాస్త నెయ్యి కలిపి చెంచా వెనుక భాగంతో మెదిపిన కిచిడీకి యంత్రంతో పనిలేదు. చెంచా వంచినపుడు నీళ్ళవలె జారిపోతే అది పలుచన. అట్టి ఆహారం పొట్ట నింపునే గాని బలమీయదు.

నీళ్ళు త్రాగించుటకు గ్లాసే మేలు, సీసా వద్దు. సీసా మెడలోను, రబ్బరు తిత్తిలోను మిగిలిన పాలజిడ్డు సులభంగా కడుగుడుపడదు. అందులో పెరిగే సూక్ష్మజీవులు విరేచనాలకు దారితీస్తాయి. పాలసీసాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించినదంటే విషయం ఎంత తీవ్రమైనదో గ్రహించవచ్చును.

ఇక గుడ్డ మూతి తుడవడానికి. కుర్చీకి బదులు తల్లి ఒడియో, నాయనమ్మ ఒడియో వున్నది. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టవలెను. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది. వేరుశనగ గింజలు, శనగలు వంటి గట్టి గింజలు ఇవ్వరాదు. ఏడాది నిండేవరకు తేనె నాకించరాదు. పెట్టేవారి చేతులను, బిడ్డ చేతులను సబ్బుతో కడగడం అన్ని పరికరాల కన్న విలువైనది.

పాఠక మిత్రులారా! మనలో అనేకులు రేపటి తల్లిదండ్రులు. కొందరి ఇండ్లలో నేడే చెల్లెలో, మేనల్లుడో ఈ వయసులో వున్నారు. బిడ్డ బలం పళ్ళెం రంగులో లేదు, పళ్ళెంలోని పదార్థంలో వున్నది. వస్తువులపై మిగిల్చిన పైకాన్ని గ్రుడ్డుకు, పప్పుకు, ఆకుకూరకు, పండుకు వెచ్చించిన ఇల్లే వివేకం గల ఇల్లు.