అతిశీతలమునకు తగిన ఉక్కు గొట్టములు

కోల్డు స్టోరేజి కట్టింపనెంచు సంఘములు స్థలమును గూర్చియు యంత్రములను గూర్చియు ఎంతయో విచారించును గాని, గొట్టముల సంగతి కంట్రాక్టరునకే విడిచిపెట్టును. అంచనాలో "ఉక్కు గొట్టము" అని యుండిన చాలునని తలంతురు. ఉక్కులన్నియు నొక్కటి కావు. ఈ విషయమున మన సభ్యులు ముందుగా నెఱుగవలసినవి కొన్ని కలవు.

వెచ్చగా నున్న బెల్లపు పాకము తీగవలె సాగును. చల్లారి గట్టిపడిన పిమ్మట చిన్న దెబ్బకే పెటిలిపోవును. సాధారణపు ఉక్కు స్వభావమును ఇంచుమించు నిట్టిదే. చలిలో దాని బలము తగ్గదు, సాగుగుణము పోవును. అపుడు వెల్డింగు నందలి చిన్న బీట సయితము ఒక్క క్షణమున గొట్టము పొడవునను ప్రాకును.

ఇది ఊహ గాదు. అమెరికాలోని క్లీవ్‌లండు పట్టణమున 1944 అక్టోబరు 20వ తేదీన ద్రవరూపమగు సహజవాయువును నిలువయుంచిన తొట్టి పగిలి, వాయువు వీథులలోనికి ప్రవహించి యంటుకొనగా సుమారు 130 మంది మరణించిరి. ఆ వాయువు సున్నకు దిగువ 160 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నుండును. తొట్టి యుక్కులో నికెలు నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే. అట్టి యుక్కు నేడు సున్నకు దిగువ 100 డిగ్రీల వఱకే యోగ్యమని లెక్కింపబడుచున్నది. తొమ్మిది పాళ్లు నికెలు గల యుక్కు 196 డిగ్రీల వఱకు ఆగును.

ఇక మన యవసరములు. గుంటూరు ప్రాంతమువలె మిరపకాయలు నిలువయుంచు చోట సున్నకు పైన కొద్ది డిగ్రీలు చాలును. గొట్టములలోని అమ్మోనియా అంతకంటె కొంత చల్లగా నున్నను, ఎ.106 రకపు మామూలు ఉక్కునకు సున్నకు దిగువ 29 డిగ్రీల వఱకు అనుమతి కలదు. ఇచ్చట ఖరీదైన గొట్టము కొనుట సంఘధనమును వ్యర్థము చేయుటయే యని మా యభిప్రాయము. ఇట్టి చోట పైపూత క్రింద చెమ్మ చేరి పట్టు త్రుప్పునకే యెక్కువ జడియవలెను. రాగి, యిత్తడి సామానులను మాత్రము అమ్మోనియా తినివేయును గాన చేర్పనీయరాదు.

రొయ్యలను గడ్డకట్టించు కర్మాగారము సంగతి వేఱు. అచ్చట అమ్మోనియా 40 డిగ్రీల దిగువ వఱకు పోవును. అందులకు 45 డిగ్రీల దిగువ పరీక్షింపబడిన ఎ.333 గ్రేడు 6 గొట్టము కావలెను. గంటు పెట్టిన ముక్కను అంత చలిలో సుత్తితో కొట్టి, అది విఱుగుటకు పట్టు శక్తిని కొలుచుటయే యా పరీక్ష. పశువుల కృత్రిమ గర్భోత్పత్తికి వాడు ద్రవ నత్రజని 196 డిగ్రీల దిగువ నుండును. దానిని తెచ్చు గొట్టములకు గ్రేడు 6 సయితము చాలదు. 304 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు ఆ చలిలోను పెళుసుబాఱదు.

చూపునకు ఎ.106, ఎ.333 గొట్టములు రెండును నొక్కటియే. కావున సరకు దిగినపుడే గొట్టముపై ముద్రింపబడిన సంఖ్యను పరీక్షా పత్రముతో పోల్చి చూడవలెను. పత్రము లేని సరకును ఎంత చౌకయైనను త్రిప్పి పంపుడు. వెల్డింగునకు వాడు కడ్డీలును ఆ చలికి తగినవై యుండవలెను. గొట్టమును కోసినపుడు ముద్ర యొక ముక్కమీదనే మిగులును. కోయుటకు ముందే తక్కిన భాగములపై ఆ సంఖ్యను రంగుతో వ్రాయింపుడు.