ఒరెగాన్ రాతి తీరంలో స్వచ్ఛంద పరిశీలన

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న ఒరెగాన్ రాష్ట్రంలో, సాధారణ పౌరులు సముద్రతీరాన్ని మైలు చొప్పున పంచుకొని, ఏటా పలుమార్లు నడచి చూసి, చూసినదానిని నమోదు చేయు పద్ధతి మూడు దశాబ్దాలకు పైగా అమలులో ఉన్నది. ఈ పనికి వేతనం లేదు. విజ్ఞానశాస్త్ర పట్టా కూడా అవసరం లేదు.

తీర స్వరూపం

ఒరెగాన్ తీరం పొడవు సుమారు 360 మైళ్ళు (580 కి.మీ.). కోట్ల సంవత్సరాల క్రితం ప్రవహించిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లని బసాల్టు శిలలు అనేకచోట్ల కొండకొమ్ములుగా సముద్రంలోకి చొచ్చుకొని ఉన్నాయి. యాక్వినా హెడ్, కేప్ పెర్పెచువా ఇటువంటివే. కేనన్ బీచ్ వద్ద నీటి అంచున నిలచిన హేస్టాక్ రాక్ ఎత్తు 235 అడుగులు. ఆటు సమయంలో నీరు తగ్గినపుడు రాళ్ళ నడుమ గుంటలలో సముద్ర నక్షత్రాలు, ఆల్చిప్పలు, పీతలు బయటపడతాయి. విశాఖపట్నం రాతి ఒడ్డున ఆటువేళ తిరిగినవారికి ఈ దృశ్యం కొంత పరిచితమే.

1967లో చేసిన బీచ్ చట్టం ద్వారా ఇక్కడి సముద్రపు ఒడ్డును వాడుకొను హక్కు ప్రజలందరికీ స్థిరపడినది. తీరం తమదను భావన ప్రజలలో బలంగా ఉండుటకు ఇది ఒక ముఖ్య కారణం.

కోస్ట్‌వాచ్

1971లో ఏర్పడిన ఒరెగాన్ షోర్స్ పరిరక్షణ సంఘం 1993లో కోస్ట్‌వాచ్ అను కార్యక్రమాన్ని ప్రారంభించినది. ఇందులో తీరం మైలు పొడవు గల భాగాలుగా విభజించబడినది. ఒక్కొక్క భాగాన్ని ఒకరు గాని, కొందరు కలసి గాని దత్తత తీసుకుంటారు. వారు మూడు నెలలకొకసారి తమ మైలును నడచి, ఒడ్డు కోత, కొత్తగా పేర్చిన రాతికట్టలు, కొట్టుకువచ్చిన చెత్త, చనిపోయిన జంతువులు, మనుషుల రాకపోకలు మొదలగు వాటిని వ్రాసి పంపుతారు.

"విశేషమేమీ లేదు" అను నివేదిక వ్యర్థమని పైకి తోచవచ్చును. వాస్తవానికి ఈ పద్ధతికి ప్రాణం అదే. మామూలు స్థితి ఏమిటో ముందుగా వ్రాసి ఉంచనిదే, మార్పు వచ్చినపుడు అది ఎంతటిదో చెప్పుట సాధ్యం కాదు.

సముద్ర నక్షత్రాల గణన

ఈ సంగతి 2013-14లో బాగా తెలియవచ్చినది. ఉత్తర అమెరికా పశ్చిమ తీరమంతటా సముద్ర నక్షత్రాలకు ఒక వ్యాధి సోకినది. మొదట ఒంటిపై తెల్లని పుండ్లు ఏర్పడి, చేతులు మెలితిరిగి ఊడిపోయి, చివరకు శరీరమే కరిగిపోయేది. ఒరెగాన్‌లో ఇది 2014లో విజృంభించినది. అంతకుముందే కొన్ని స్థలాలలో పరిశోధకులు, స్వచ్ఛంద కార్యకర్తలు లెక్కలు తీసి ఉన్నందున నష్టాన్ని అంచనా వేయగలిగారు. ఆ తరువాత కోస్ట్‌వాచ్ సభ్యులు కూడా గణనలో పాల్గొన్నారు. చిన్న పిల్ల నక్షత్రాలు ఎన్ని, పెద్దవి ఎన్ని, పుండ్లున్నవి ఎన్ని అని విడివిడిగా లెక్కించుట దీనిలో ముఖ్యం. పెద్దవి పోయినా పిల్లలు కనబడితే జాతి కోలుకొను అవకాశం ఉన్నదన్నమాట.

ఒక్క ప్రాణి తగ్గినంతలో ఇంత ఆందోళన దేనికని అడుగవచ్చును. 1960లలో పొరుగునున్న వాషింగ్టన్ రాష్ట్రంలో రాబర్ట్ పెయిన్ అను శాస్త్రవేత్త ఒక రాతి ఒడ్డు నుండి సముద్ర నక్షత్రాలను తొలగించి చూశాడు. వాటి ఆహారమైన మస్సెల్ ఆల్చిప్పలు అడ్డు లేక విస్తరించి, మిగతా ప్రాణులకు చోటు లేకుండా చేశాయి. అక్కడి జాతుల సంఖ్య 15 నుండి 8కి తగ్గినది. "కీలక జాతి" అను భావన ఈ ప్రయోగం నుండే పుట్టినది.

వ్యాధికి తీవ్రంగా గురైన పొద్దుతిరుగుడు సముద్ర నక్షత్రం ఇప్పుడు అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరినది. దీనికి సోకు వ్యాధికి విబ్రియో పెక్టెనిసిడా అను బాక్టీరియా కారణమని 2025లో పరిశోధకులు ప్రకటించారు.

చనిపోయిన పక్షుల లెక్క

కొండకొమ్ముల మధ్యనున్న ఇసుక, గులకరాళ్ళ ఒడ్డులలో మరొక రకమైన పరిశీలన జరుగుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నడుపు సముద్రపక్షుల సర్వే బృందపు సభ్యులు నెలకొకసారి ఒకే ఒడ్డును నడచి, కొట్టుకువచ్చిన పక్షి కళేబరాలను వెదకుతారు. రెక్క, ముక్కు, కాలు కొలిచి, ఫోటో తీసి, మరుసటి నెల మళ్ళీ లెక్కకు రాకుండా రంగుల ప్లాస్టిక్ పట్టీ కడతారు. కొలతలు, ఫోటో ఉన్నందున పక్షిని గుర్తించుటలో జరిగిన పొరపాటును నిపుణులు సరిదిద్దగలరు. 2015 వేసవి నుండి 2016 వసంతం వరకు కాలిఫోర్నియా మొదలు అలాస్కా వరకు సుమారు 62,000 కామన్ మర్ పక్షులు చనిపోయి గాని, చావుకు సిద్ధంగా గాని ఒడ్డున కనబడినట్లు నమోదైనది. సముద్రజలం అసాధారణంగా వేడెక్కి, ఆహారం దొరకక ఇవి ఆకలితో మరణించాయని పరిశోధకులు నిర్ధారించారు. ఏ నెలలో ఎన్ని కళేబరాలు మామూలో చూపు పాత లెక్కలు లేకుంటే ఈ ఉత్పాతపు పరిమాణం తేలేది కాదు.

పరిమితులు

ఊళ్ళకు దగ్గరగా ఉన్న మైళ్ళను చూచువారు ఎక్కువ, దారిలేని చోట్లకు వెళ్ళువారు తక్కువ. ఈ అసమానత లెక్కలలోనూ కనబడుతుంది. రాళ్ళపై నాచు జారుతుంది. హఠాత్తుగా ఎగసివచ్చు పెద్ద అలలు మనుషులను లాగుకొనిపోయిన సందర్భాలున్నాయి. ఒడ్డున పడియున్న భారీ దుంగలు నీటికి తేలి దొర్లుతాయి. అందుచేత ఆటువేళలు చూసుకొని బయలుదేరుట, సముద్రానికి వీపు చూపకుండుట కార్యకర్తలు పాటించవలసిన మొదటి నియమాలు. నిటారు కొండచరియల కింద ఉన్న భాగాలను పైనుండి చూచుట తప్ప వేరే మార్గం లేదు.