మోటారుకు తగిన పగ్గము

సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు చోటికి సమీపమున, 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు తమ కర్మాగారమునకై ఎన్నుకొన్న సాక్చి యను పల్లె, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు నోట జంషెడ్‌పూరను పేరు దాల్చిన నగరములో నేడొక పేటగా, సందడిగల బజారుగా నిలిచియున్నది. బ్రతుకుతెరువునకై ఈ ఉక్కుటూరికి వచ్చిన తెలుగువారు తరతరములుగా ఈ నేలను తమదిగా చేసికొనిరి; బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమే అందులకు నిదర్శనము. ఖర్కాయికి ఆవలనున్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో మా చెల్లెలి భర్త చిన్న పోతకార్ఖానా నడుపుచున్నాడు.

అచట ఇసుకను మోయు కన్వేయరు బెల్టునకు 10 హార్స్‌పవర్ మోటారు కలదు. దాని వేగమును ఇచ్చవచ్చినట్లు మార్చుటకై ఆయన వి.ఎఫ్.డి. యను డ్రైవును కొనదలచి, మోటారెంతయో డ్రైవును అంతయే కావలెనని తలచి, 10 హార్స్‌పవరుదానినే తెచ్చి బిగించెను. పగలెల్ల అది చక్కగా నడచెడిది. కాని రాత్రి బెల్టుపై తడి ఇసుక మిగిలిన మరునాటి ఉదయమున, మీట నొక్కినంతనే ‘ఓవర్‌కరెంట్’ అని చూపి ట్రిప్పయ్యెడిది. “బావగారూ, నకిలీ సరుకు అంటగట్టినారేమో!” అని ఆయన నాతో వాపోయెను. సరుకు నిక్కమైనదే, ఎంపికలోనే పొరపాటు జరిగినది.

ఆ పొరపాటు తెలియుటకు డ్రైవు చేయు పని తెలియవలెను. మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు గలది; 4 పోలుల త్రీఫేజు మోటారులో అయస్కాంతక్షేత్రము నిమిషమునకు 1500 మారులు తిరుగగా, రోటరు దానికి కొంచెము వెనుకబడి సుమారు 1440 చుట్లు చుట్టును. ఆవృత్తి మారనిదే ఈ వేగము మారదు. డ్రైవు మొదట ఏ.సి.ని డి.సి.గా మార్చి, పిమ్మట దానిని అతివేగముగా తెంచుచు, కలుపుచు, మనకు వలసిన ఆవృత్తిగల ఏ.సి.గా మరల అల్లి మోటారునకిచ్చును. ఆవృత్తితోపాటు వోల్టేజియు తగ్గవలెను: 50కి 415 వోల్టులైనచో 25కు అందులో సగమే చాలును, లేనిచో మోటారులోని ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయి కాగిపోవును. పూర్వము ఇట్టి వేగనియంత్రణమునకై రోలింగుమిల్లులలో 1891 నాటి వార్డ్ లియొనార్డ్ పద్ధతి ననుసరించి, ఒక మోటారు, ఒక జనరేటరు, ఆపై మరియొక డి.సి. మోటారు కూర్చెడివారు. డాన్‌ఫాస్ కంపెనీ 1968లో ఏ.సి. డ్రైవులను విరివిగా తయారుచేయ నారంభించిన పిమ్మట ఆ యంత్రసమూహమంతయు క్రమముగా ఒక పెట్టెలోనికి ఒదిగినది.

అంగడిలో మొదట వినబడు ప్రశ్న “మోటారెన్ని హార్స్‌పవర్లు?” అనునది. నా మతమున మొదట అడుగదగినది “ఆ మోటారు దేనిని త్రిప్పుచున్నది?” అని. ఫ్యాను, సెంట్రిఫ్యూగల్ పంపు సౌమ్యములు. వేగము తగ్గినకొలది వాటి భారము వేగముగా తగ్గును. అవి కోరు శక్తి వేగమునకు ఘనముగా మారునుగనుక, వేగమును 80 శాతమునకు దింపినచో శక్తి సుమారు 51 శాతము చాలును. విద్యుత్తు బిల్లులో మిగులు నిజమైన లాభమిదియే. కన్వేయరు, క్రషరు, క్రేనులట్టివి కావు. ఎంత మెల్లగా తిరిగినను అవి నిండు టార్కునే, అనగా పూర్తి త్రిప్పుబలమునే, కోరును, కదలునపుడు మరింత కోరును. అందుచేతనే ఒకే డ్రైవుపై రెండు రేటింగులు వ్రాయబడును: నార్మల్ డ్యూటీలో సాధారణముగా నిమిషముపాటు 110 శాతము, హెవీ డ్యూటీలో 150 శాతము కరెంటును అది ఓర్వగలదు. మా బావమరిది తెచ్చినది నార్మల్ డ్యూటీ లెక్కన 10 హార్స్‌పవరుది. తడి ఇసుకను కదల్చుటకు ఆ పదిశాతమెట్లు చాలును?

హార్స్‌పవర్లకంటె నేమ్‌ప్లేటుమీది ఆంపియర్లే నమ్మదగినవి. ఏలయన అంతే శక్తిగల 8 పోలుల మోటారు 4 పోలులదానికంటె ఎక్కువ కరెంటు లాగును. పిమ్మట ఎండ. సాధారణముగా 40 డిగ్రీలకు నిర్ణయింపబడిన రేటింగు, వేసవిలో రేకులకప్పు క్రింద, మూసిన ప్యానెలులో అట్లే నిలువదు. పెద్ద డ్రైవు కొనవలెను, లేదా గాలి ఆడునట్లు చేయవలెను. ఆ గాలితో ఇనుపధూళి లోనికి పోరాదు గనుక ఫిల్టరులేని ఫ్యాను పెట్టుట నాకు సమ్మతము కాదు. డ్రైవునకు మోటారునకు నడుమ కేబులు మిక్కిలి పొడవైనచో, పరావర్తితమైన వోల్టేజి తరంగము మోటారు చుట్టల ఇన్సులేషనును దెబ్బతీయును; దానికి అవుట్‌పుట్ ఫిల్టరు కావలెను. మెల్లగా చిరకాలము నడచు మోటారునకు దాని సొంత ఫ్యాను గాలి చాలదు. వేరు బ్లోయరు అమర్చవలెను.

బెల్టునకు హెవీ డ్యూటీ లెక్కన ఒక మెట్టు పెద్ద డ్రైవును బిగించి, వేగమందుకొను సమయమును కొంత పెంచి, ప్యానెలును ఇసుకకు దూరముగా జరిపించితిమి. తడి ఉదయములలోను అది కదలుచున్నది. మొన్న హాయిస్టునకు డ్రైవు కొనుటకై సాక్చి బజారునకేగుచు మా బావమరిది నేమ్‌ప్లేటు వివరములతో పాటు, ఎత్తవలసిన బరువును, దింపవలసిన ఎత్తును, గంటకెన్ని మారులు దింపునో ఆ లెక్కను కాగితముపై వ్రాసికొని పోయెను. దిగు బరువు మోటారును త్రిప్పి డ్రైవులోనికి వెనుకకు త్రోయు శక్తిని వేడిగా మార్చి వెలికి విడుచు బ్రేకింగు రెసిస్టరును ఆ లెక్కనుబట్టియే ఎన్నుకొనవలెను.