చిన్న డీజిల్ ట్రాక్టరు ఇంజనుకు టర్బోఛార్జరు

'''టర్బోఛార్జరు''' అనగా ఇంజను నుండి బయటకు పోయే వేడి వాయువుల శక్తితో తిరుగుతూ, ఇంజనులోనికి గాలిని ఒత్తిడితో పంపే సాధనము. దీనికి మూలము స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యుఖి 1905 నాటి పేటెంటు. కర్మాగారము నుండే టర్బోతో వెలువడిన తొలి డీజిల్ వ్యవసాయ ట్రాక్టరుగా 1961లో అమెరికాలో విడుదలైన ఆలిస్-చామర్స్ డి-19ను చెబుతారు. తరువాతి కాలములో, టర్బో లేని ట్రాక్టర్లకు విడిగా బిగించుకునే కిట్లు కూడా అక్కడ అమ్మకానికి వచ్చాయి. ఈ వ్యాసము అటువంటి అమరికను గురించినది.

== పనిచేయు విధానము ==
టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు చిన్న చక్రాలు ఉంటాయి. పొగగొట్టము వైపు ఉన్న టర్బైను తిరిగితే, రెండవ వైపు ఉన్న కంప్రెసరు గాలిని నొక్కి సిలిండర్లకు పంపుతుంది. చిన్న టర్బోలలో ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. టర్బో ఇచ్చేది గాలిని మాత్రమే. శక్తి వచ్చేది డీజిల్ నుండి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి లెక్క ప్రకారము సుమారు 14.5 కిలోల గాలి చాలు. కాని సిలిండరులో రెండూ బాగా కలిసే వ్యవధి ఉండదు కనుక, గాలి 20 కిలోల దరిదాపుల్లో లేకపోతే నల్లపొగ వస్తుంది. టర్బో లేని ఇంజనులో ఇంధనానికి హద్దు ఈ పొగయే. అందువలన పంపును కదపకుండా టర్బో మాత్రమే బిగిస్తే పొగ తగ్గుతుంది, శక్తి మాత్రము చెప్పుకోదగినంత పెరగదు.

== ఒక లెక్క ==
మాసీ ఫెర్గూసన్ 135 ట్రాక్టరులో వాడిన పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజనును తీసుకుందాము. దాని పరిమాణము 2.5 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కనుక, 2000 చుట్ల వేగములో నిమిషానికి 1000 × 2.5 = 2500 లీటర్లు (నష్టాలను వదిలివేస్తే).

టర్బో ఈ గాలి పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేసిందనుకుందాము. గాలి 50 శాతము పెరిగిందా? లేదు. నొక్కిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. కంప్రెసరు దక్షత 65 శాతము అనుకుంటే, 35 డిగ్రీల గాలి దాదాపు 93 డిగ్రీలకు చేరుతుంది. సాంద్రత పెరిగేది 1.5 × 308 ÷ 366, అనగా 1.26 రెట్లు మాత్రమే. సగము పీడనము పెంచితే దక్కినది పావు వంతు గాలి. కంప్రెసరు తరువాత గాలిని చల్లబరచే ఇంటర్‌కూలరు పెట్టడానికి కారణమిదే.

టర్బో ఎంపికకు కూడా ఈ లెక్క అవసరము. పెద్ద లారీ నుండి తీసిన టర్బో చవకగా దొరకవచ్చును. ఇంత కొద్ది వాయువుతో అది తగిన వేగము అందుకోలేదు.

== వేడి, భారము ==
శక్తి కావాలంటే ఇంజెక్షన్ పంపులో గరిష్ఠ ఇంధనపు మరను సవరించాలి. ప్రమాదము మొదలయ్యేది ఇక్కడే. అదనంగా మండిన ఇంధనపు వేడి పిస్టను తలకు, వాల్వులకు, హెడ్ గాస్కెట్టుకు చేరుతుంది. టర్బో కోసమే రూపొందించిన ఇంజన్లలో పిస్టను అడుగున నూనె చిమ్మే జెట్లు, దృఢమైన బేరింగులు, తగ్గించిన సంపీడన నిష్పత్తి వంటి ఏర్పాట్లు ఉంటాయి. పాత చిన్న ఇంజనులో ఇవి సాధారణంగా ఉండవు. క్లచ్చి, గేరుపెట్టె, వెనుక ఇరుసు కూడా పాత శక్తికి తగినవే.

పని స్వభావమూ ముఖ్యమే. ట్రాలీ లాగేటప్పుడు ఎత్తు ఎక్కిన కొద్దిసేపే పూర్తి భారము పడుతుంది. ఇనుప చక్రాలతో వరిమడి దమ్ము చేసేటప్పుడు, రోటవేటరు తిప్పేటప్పుడు గంటల తరబడి పడుతుంది. అదనపు శక్తి కోరేదీ, ఇంజను పాడయ్యేదీ ఈ పనుల్లోనే. టర్బైనుకు ముందు ఉష్ణమాపకము లేకుండా మరను తిప్పడము కళ్ళకు గంతలు కట్టుకొని నడవడమే. రైతుకు ట్రాక్టరు ఒక్కటే ఆధారమైనచోట, ఆ నాలుగు రోజుల పనికి పెద్ద ట్రాక్టరును అద్దెకు తెచ్చుకోవడము చవక.

== అమరికలో జాగ్రత్తలు ==
ఇరుసుకు శుభ్రమైన నూనె నిరంతరము ఒత్తిడితో అందాలి. తిరిగి వచ్చే గొట్టము వెడల్పుగా, మెలికలు లేకుండా, కిందికి వాలుగా ఉండి, నూనె మట్టానికి పైన ఛాంబరులో కలవాలి. లేకపోతే నూనె సీళ్ళను దాటి పొగగొట్టములోకి పోతుంది. గాలి వడపోత పెద్దది కావాలి. బరువు పని ముగిసిన వెంటనే ఇంజను ఆపరాదు. రెండు మూడు నిమిషాలు తక్కువ వేగములో నడవనివ్వాలి. నూనె ఆగిపోతే వేడి టర్బైను పక్కనున్న బేరింగులో అది మాడి బొగ్గవుతుంది.

భారతదేశములో ట్రాక్టరు కూడా మోటారు వాహనమే. వాహనములో మార్పులను నియంత్రించే 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను దీనికీ వర్తిస్తుంది.