గాలి లేని నాడు పొంగే కడలి

ఇటీవల మా మదర్సాలో తీరప్రాంత కుటుంబానికి చెందిన ఒక విద్యార్థి పాఠం మధ్యలో లేచి, "హజ్రత్! రేపు సముద్రం ఇళ్లలోకి వస్తుందని హైదరాబాదులో కూర్చుని చెప్పేవారి మాట నమ్మితే, వారికి గైబ్ తెలుసని ఒప్పుకున్నట్లు కాదా?" అని అడిగాడు. అతని ఇంటి పెద్దలు ఇదే కారణం చెప్పి, హెచ్చరిక వచ్చిన రోజున ఇల్లు కదలలేదట. ఆ మాట విని మాకు భయం వేసింది.

హెచ్చరించేవారు దేనిని చూసి చెబుతున్నారో ముందు తెలుసుకుందాం. అల ఒడ్డు దగ్గర విరిగినప్పుడు దాని ఎత్తు తగ్గిపోతుంది గాని, అది మోసుకొచ్చిన తోపు నశించదు. ఆ తోపు నీటికి సంక్రమించి దానిని ఒడ్డు వైపు నెడుతుంది. వెనుక నుండి అలలు విరుగుతూనే ఉండటం వల్ల ఒడ్డున నీటి మట్టం పెరుగుతుంది. పెరిగిన నీటి బరువు అలల తోపుకు సరితూగినప్పుడు ఆ పెరుగుదల ఆగుతుంది. 1938లో అమెరికా ఈశాన్య తీరాన్ని పెనుతుఫాను తాకినప్పుడు, అలలకు ఎదురుగా ఉన్న నారగాన్సెట్ పియర్ వద్ద నీరు, సమీపంలోనే చాటుగా ఉన్న న్యూపోర్ట్ కంటే దాదాపు ఒక మీటరు ఎత్తున నిలిచింది. 1960లలో లాంగెట్-హిగ్గిన్స్, స్టీవర్ట్ అనే శాస్త్రవేత్తలు ఇటువంటి పెరుగుదలకు గణిత వివరణ ఇచ్చారు.

2006లో హిల్లరీ స్టాక్‌డన్ బృందం వేర్వేరు తీరాల కొలతల నుండి ఒక సులభ సూత్రాన్ని రూపొందించింది. లోతు నీటిలోని అల ఎత్తును దాని పొడవుతో గుణించి వర్గమూలం తీయాలి. దానిని తీరపు వాలుతోనూ, 0.35తోనూ గుణించాలి. 3 మీటర్ల అలలు 8 సెకన్లకు ఒకటి చొప్పున వస్తే వాటి పొడవు సుమారు 100 మీటర్లు. వంద మీటర్ల దూరానికి 8 మీటర్లు లేచే ఇసుక తీరంపై నీరు దాదాపు అర మీటరు పెరుగుతుంది. అదే ఎత్తు అలలు 16 సెకన్లకు ఒకటి వస్తే పొడవు 400 మీటర్లు, పెరుగుదల దాదాపు ఒక మీటరు! కంటికి రెండూ ఒకే ఎత్తు అలలే. పైగా ఇది సగటు మట్టం మాత్రమే. ఒక్కొక్క అల దానికి మించి పైకి ఎగబాకుతుంది.

కేరళ జాలరులు కళ్లక్కడల్, అంటే దొంగ సముద్రం, అని పిలిచేది ఇటువంటి అలల పొంగునే. అక్కడ గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీరు మాత్రం వీధుల్లోకి వస్తుంది. 2005 మే నెలలో అలాగే వచ్చింది. ఆ కెరటాలు పుట్టేది వేల కిలోమీటర్ల దూరాన, దక్షిణ మహాసముద్రపు తుఫానులలో. 16 సెకన్ల కెరటాల గుంపు రోజుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. అవి బయలుదేరిన తరువాత మన తీరం చేరడానికి రోజులు పడుతుంది గనుకనే హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ముందుగా హెచ్చరించగలుగుతోంది.

ఇక గైబ్ మాట. బయలుదేరిన బాటసారిని చూసి ఫలానా వేళకు ఊరు చేరతాడని లెక్కించడం గైబ్ చెప్పడం కాదు. సూర్యగమనాన్ని లెక్కగట్టి నమాజు వేళల పట్టిక మస్జిద్ గోడకు తగిలించుకున్న మనం ఈ సందేహం పడటం వింతే. అంచనా తప్పవచ్చు, సముద్రగర్భపు ఇసుక మేటలు లెక్కను మార్చగలవు. అది అంచనాయేనని చెప్పేవారూ ఒప్పుకుంటారు. ఒంటెను కట్టి, ఆపైన తవక్కుల్ చేయమని ఎడారివాసికి బోధించిన దైవప్రవక్త (సఅసం) ఉమ్మత్‌కు ఇంతకంటే వివరణ అక్కరలేదు.

తీరంలోని మన కుటుంబాలకు మరొక సౌలభ్యం ఉంది. అమావాస్య, పౌర్ణమి సమయాల్లో పోటు పెద్దదిగా ఉంటుంది. హిజ్రీ మాసపు మొదటి రెండు మూడు రోజులు, 14 నుండి 16 తేదీలు అవే. ఆ తేదీలలో కెరటాల హెచ్చరిక కూడా వస్తే, పోటు వేళకు ముందే పిల్లలను, వృద్ధులను మెరక ప్రాంతానికి చేర్చండి. పడవలను ఒకదానికొకటి తగలకుండా, ఎడంగా, గట్టిగా కట్టండి.